ఏఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ కంబైన్ సమీక్ష: ఏ అంకెను నమ్మాలి, ఏది పక్కన పెట్టాలి

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో కొత్త కుర్రాళ్లను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే నేషనల్ డ్రాఫ్ట్ ఏటా నవంబరులో జరుగుతుంది. దానికి కొన్ని వారాల ముందు, అక్టోబరులో, ఆ ఆట జాతీయ లీగ్ అయిన ఏఎఫ్‌ఎల్ ఆ కుర్రాళ్లను ఒకచోటికి పిలిపించి పరిగెత్తించి, ఎగిరించి, కొలతలు తీసి, డాక్టర్ల చేత చూపించి, క్లబ్బులతో ముఖాముఖి కూర్చోబెడుతుంది. ఇదే డ్రాఫ్ట్ కంబైన్. దీన్ని ఒక సేవగా తీసుకుని, స్కౌటింగ్ చేసేవాళ్లకూ డ్రాఫ్ట్‌ను శ్రద్ధగా చూసేవాళ్లకూ ఎంతవరకు పనికొస్తుందో చెప్పడమే ఈ సమీక్ష.

తీర్పు ముందే చెప్పేస్తాను. కొత్త ఆటగాణ్ని కనిపెట్టడానికి కంబైన్ పనికిరాదు. మార్చి నుంచి సెప్టెంబరు దాకా మ్యాచుల్లో చూసిన కుర్రాడి మీద ఇంకా ఏదైనా అనుమానం మిగిలి ఉంటే, దాన్ని తీర్చుకోవడానికి మాత్రం దీన్ని మించింది లేదు. అలా వాడుకునేవాళ్లకు 5కి 4 మార్కుల సరుకు. మ్యాచులు చూడకుండా పరీక్షల పట్టిక ముందు పెట్టుకుని ఎవరు ఎన్నో స్థానంలో వెళ్తారో లెక్క కట్టేవాళ్లకు 5కి 1 కూడా ఎక్కువే.

పిలుపు ఎవరికి వస్తుందన్నది క్లబ్బుల చేతుల్లో ఉంటుంది. ఎక్కువ క్లబ్బులు పేరు సూచించిన కుర్రాళ్లు మెల్‌బోర్న్‌లో జరిగే జాతీయ కంబైన్‌కు వెళ్తారు, మిగతావాళ్లకు రాష్ట్రాల కంబైన్‌లు ఉంటాయి. ఒకప్పుడు దీన్ని డ్రాఫ్ట్ క్యాంప్ అనేవారు, చాలా ఏళ్లు కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్‌లో జరిపారు. పిలుపు రాకపోతే దారి మూసుకుపోయినట్టేమీ కాదు. రాష్ట్ర లీగుల్లో ఆడే పెద్ద వయసువాళ్ల కోసం 2019లో తిరిగి మొదలైన మిడ్‌సీజన్ డ్రాఫ్ట్ కూడా ఉంది. ఆ ఏడాదే రిచ్‌మండ్ క్లబ్బు తీసుకున్న మార్లియన్ పికెట్ తన తొలి ఏఎఫ్‌ఎల్ మ్యాచ్‌ను ఏకంగా గ్రాండ్ ఫైనల్‌లో ఆడాడు.

ఇక పరీక్షల సంగతి. అన్నింట్లోకీ స్కౌట్‌కు అక్కరకొచ్చేది 20 మీటర్ల పరుగు. మొదట్లో, 5 మీటర్ల దగ్గర, 10 మీటర్ల దగ్గర, చివర్లో ఎలక్ట్రానిక్ గేట్లు ఉంటాయి. నిలబడిన చోటి నుంచి మొదలుపెట్టాలి, కొన్ని ప్రయత్నాల్లో మంచిది లెక్కలోకి వస్తుంది. 3.00 సెకన్లు మంచి వేగం. 2.90 కిందికి వచ్చేవాళ్లు ఏ ఏడాదైనా కొద్దిమందే. మిడ్‌ఫీల్డర్‌కు 3.10 దాటిందంటే, అతను ఆ లోటును దేనితో పూడ్చుకుంటున్నాడో వీడియోలో వెతకాలి.

అందరూ చివరి అంకె చూసి ఊరుకుంటారు, అసలు సమాచారం మధ్య గేట్లలో ఉంది. ఇద్దరు కుర్రాళ్లు 3.00లోనే పరుగు ముగించారనుకోండి. ఒకడికి మొదటి 5 మీటర్లకు 1.03 పట్టింది, రెండోవాడికి 1.12 పట్టింది. మొదటివాడు కదిలీ కదలగానే వేగం అందుకుంటాడు. బంతిని పైకి విసిరి ఆట తిరిగి మొదలుపెట్టే స్టాపేజ్ దగ్గర, నలుగురి మధ్య నుంచి బయటపడాల్సిన ఇన్‌సైడ్ మిడ్‌ఫీల్డర్‌కు కావలసింది అదే. రెండోవాడు ఆలస్యంగా అందుకున్నా, తర్వాత ఆగడు. మైదానం అంచున ఉండే వింగ్‌లో, డిఫెన్స్ ముందు వరుస అయిన హాఫ్‌బ్యాక్‌లో, ఖాళీ మైదానం ముందున్నప్పుడు అతను పనికొస్తాడు. అంకె ఒకటే అయినా వీళ్లు ఆడాల్సిన స్థానాలు వేరు. ఒకడి పనిని రెండోవాడికి అప్పగిస్తే ఇద్దరూ నెమ్మదిగానే కనిపిస్తారు.

సెకనులో ఐదు వందో వంతుల తేడాకు ఇంత చర్చ ఎందుకని అడిగేవాళ్లకు ఒక చిన్న లెక్క. 3.00 పరుగెత్తే కుర్రాడికి చివరి 10 మీటర్లకు దాదాపు 1.22 సెకన్లు పడుతుంది, అంటే సెకనుకు 8 మీటర్ల పైమాటే. ఆ వేగంలో 0.05 సెకను అంటే 40 సెంటీమీటర్లు. వెనక నుంచి చెయ్యి చాచిన డిఫెండర్‌కు జెర్సీ దొరకడానికీ దొరకకపోవడానికీ తేడా అంతే. కానీ ఈ లెక్కకు ఒక హద్దుంది. 0.02 తేడాను పట్టించుకోకండి. అదే కుర్రాడు పది నిమిషాల తర్వాత మళ్లీ పరిగెత్తితే అంతకన్నా ఎక్కువే మారుతుంది.

స్థానిక క్లబ్బుల్లో ఈ పరీక్షను సొంతంగా పెట్టుకునేవాళ్లు ఎక్కువగా మూడు చోట్ల పొరబడతారు. చేతి స్టాప్‌వాచ్‌తో కొలిచి గేట్ల అంకెలతో పోలుస్తారు. చేతి కొలతలో నొక్కేవాడి ఆలస్యం కలుస్తుంది కాబట్టి కుర్రాడు దాదాపు 0.2 సెకన్లు వేగంగా ఉన్నట్టు చూపిస్తుంది. 3.10 పరుగెత్తేవాడు 2.90 వీరుడైపోయేది ఇక్కడే. రెండోది, ముందు కాలు గీతకు ఎంత దూరంలో ఉండాలో అందరికీ ఒకేలా నిర్ణయించరు. కొందరు అరడుగు వెనక నుంచి ఊగుతూ వచ్చి, గేటు దాటేసరికే వేగం అందుకుని ఉంటారు. మూడోది నేల. లోపలి చెక్క నేల మీద మామూలు షూతో పరిగెత్తిన అంకెనూ, తడి గడ్డి మీద బూట్లతో పరిగెత్తిన అంకెనూ ఒకే వరుసలో రాస్తారు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు నేలల మీద తీసిన అంకెలను పోల్చక తప్పకపోతే, సెకన్లు వదిలేసి ఆ రోజు ఆ గుంపులో అతను ఎన్నోవాడో రాసుకోండి.

ఎగిరే పరీక్షలు రెండు రకాలు. నిలబడి రెండు కాళ్లతో ఎగరడం ఒకటి. కొద్ది దూరం పరుగు తీసి ఒంటికాలి మీద ఎగరడం రెండోది, అది ఎడమ కాలికి వేరుగా, కుడి కాలికి వేరుగా కొలుస్తారు. నిలువు కడ్డీకి సెంటీమీటరు ఎడంలో వరుసగా రెక్కలు అమర్చిన పరికరం ఉంటుంది, ఎగిరి చేత్తో ఆ రెక్కలను తోసేయాలి. అందిన ఎత్తులోంచి, నేల మీద నిలబడి చెయ్యెత్తితే అందే ఎత్తును తీసేస్తే మిగిలేదే ఎగిరిన ఎత్తు.

మోసం జరిగేదీ ఆ తీసివేతలోనే. మొదట నిలబడి చెయ్యెత్తేటప్పుడు భుజాన్ని పూర్తిగా సాగదీయకుండా 3 సెంటీమీటర్లు తగ్గించుకున్నవాడికి, ఎగిరినప్పుడు ఆ 3 సెంటీమీటర్లు ఊరికే కలిసొస్తాయి. కొలిచేవాళ్లు భుజం చెవికి ఆనేలా సాగదీయించి చూడాలి. ఇంకో సంగతి. మ్యాచ్‌లో మార్క్ పట్టేది, అంటే కిక్ కొట్టిన బంతిని గాల్లోనే అందుకునేది, ఎగిరిన ఎత్తుతో కాదు, చేతికి అందిన ఎత్తుతో. నిలబడి 245 సెంటీమీటర్లు అందుకునే కుర్రాడు 90 ఎగిరితే 335 అవుతుంది. 265 అందుకునే రక్‌మన్, అంటే స్టాపేజ్‌లో పైకి విసిరిన బంతి కోసం ఎగిరే పొడవాటివాడు, 75 ఎగిరితే 340. పట్టికలో పేరు మొదటివాడిది, గాల్లో బంతి రెండోవాడిది. అందుకే ఎగిరిన అంకె పక్కన అందే ఎత్తు కూడా రాసుకోవాలి. రెండూ రాయని పట్టిక సగం పట్టికే.

పరుగెత్తి ఎగరడంలో 90 దాటితే చాలా గొప్ప. 2021లో లీక్ అలీర్ ఏకంగా 107 సెంటీమీటర్లు ఎగిరి రికార్డు రాశాడు, ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో జీడబ్ల్యూఎస్ జెయింట్స్ అతన్ని 15వ ఎంపికగా తీసుకుంది. అతను పొడవాటి డిఫెండర్, బంతి గాల్లో ఉండగానే అడ్డుపడే పని. ఎగిరే శక్తి ఆ స్థానానికి నేరుగా అక్కరకొస్తుంది. అదే అంకె ఒక చిన్న ఫార్వర్డ్‌కు వస్తే, అభిమానులకు సంబరమే గానీ స్కౌట్ పుస్తకంలో అంత బరువు ఉండదు. ఎడమ, కుడి కాళ్ల అంకెల మధ్య తేడా మాత్రం ఎవరికైనా చూడాలి. పది సెంటీమీటర్ల పైన ఉంటే పాత గాయం ఏదైనా ఉందా అని అడగడానికి అది చాలు. మోకాలికో చీలమండకో దెబ్బ తిన్నవాళ్లు నోటితో చెప్పకపోయినా కాళ్లు చెప్పేస్తాయి.

ఎజిలిటీ పరీక్షను గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నిలబెట్టిన అడ్డు కడ్డీల మధ్య మెలికలు తిరుగుతూ పరిగెత్తాలి, 8.5 సెకన్ల లోపు వస్తే బాగున్నట్టు. ఇబ్బంది ఏమిటంటే దారి ముందే తెలుసు. మ్యాచ్‌లో తిరగాల్సిన వైపు ఎదుటివాడి తుంటి కదలికను బట్టి అప్పటికప్పుడు తేలుతుంది. బాస్కెట్‌బాల్ నుంచి వచ్చిన స్కాట్ పెండిల్‌బరీ బంతి చేతికి రాగానే చుట్టుపక్కలవాళ్లు నెమ్మదించినట్టు ఎందుకు కనిపిస్తుందో ఏ కడ్డీల వరుసా చెప్పలేదు. పైగా రెండు వారాలు సాధన చేస్తే ఈ అంకె బాగుపడుతుంది. డ్రాఫ్ట్ ముందు పరీక్షల కోసమే శిక్షణ తీసుకునేవాళ్లున్న రోజుల్లో, దీనికి 5కి 2 మార్కులు చాలు.

2 కిలోమీటర్ల పరుగు అలా కాదు. ఇది చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది, కుర్రాడి ఏడాది శ్రమను మాత్రం దాచనివ్వదు. ఒకప్పుడు బీప్ శబ్దం వేగాన్ని బట్టి రెండు గీతల మధ్య అటూ ఇటూ పరిగెత్తే బీప్ టెస్ట్, తర్వాత అదే పరుగు మధ్యమధ్య చిన్న విరామాలతో సాగే యో-యో టెస్ట్, 3 కిలోమీటర్ల పరుగు ఉండేవి. ఇప్పుడు 2 కిలోమీటర్లు. 400 మీటర్ల ట్రాక్ మీదైతే 5 చుట్లు. 6 నిమిషాల దగ్గర ముగిస్తే చుట్టుకు 72 సెకన్లు, ఆ ఏడాది గుంపులో ముందు వరుస. 6:30 అయితే చుట్టుకు 78, మిడ్‌ఫీల్డర్‌కు సరిపోతుంది. 7:00 అంటే చుట్టుకు 84, రక్‌మన్‌కో, గోల్ ముందు ఆడే పొడవాటి కీ ఫార్వర్డ్‌కో క్షమించొచ్చు, వింగ్ ఆడతానన్నవాడికి క్షమించలేం. 6:30 వేగంలో 10 సెకన్ల తేడా అంటే గీత దగ్గర 50 మీటర్ల దూరం. డిఫెన్స్ నుంచి బంతి బయటికి వచ్చినప్పుడు, సహచరుడికి కిక్ ఇవ్వడానికి మనిషి దొరుకుతాడా లేదా అన్నది ఆ 50 మీటర్లలోనే తేలుతుంది.

వీలైతే చుట్టు చుట్టుకూ సమయం రాసుకోండి. 70తో మొదలుపెట్టి చివరికి 86కి దిగజారినవాడూ, 79, 79, 78, 78, 76గా పరిగెత్తినవాడూ ఇద్దరూ 6:30 చుట్టుపక్కలే తేలుతారు. మొదటివాడికి ఊపిరి ఉంది, తన ఊపిరి తనకే తెలియదు. అతనికి పరుగు నేర్పే కోచ్ దొరికితే ఏడాదిలో 6:15కి వస్తాడు. క్లబ్బు శిక్షణలో పెరిగే అవకాశం మొదటివాడికే ఎక్కువని నా నమ్మకం, అయినా చాలామంది రెండోవాడికి మంచి మార్కులు వేస్తారు. ఈ పరీక్షకున్న లోటు కూడా చెప్పాలి. ఆటలో పరుగు ఆగి ఆగి సాగుతుంది. 30 మీటర్లు దూకుడుగా వెళ్లి, ఒకణ్ని ఢీకొని, నడిచి, మళ్లీ దూకాలి. యో-యో టెస్ట్ ఆ తీరుకు దగ్గరగా ఉండేది. దాన్ని తీసేయడం వల్ల సమయం మిగిలింది గానీ, ఆటకు దగ్గరైన ఒక అంకె పోయింది.

అన్నింటికన్నా పెద్ద లోటు బంతి. ఇది ఫుట్‌బాల్ ఆటగాళ్ల పరీక్ష, ఇక్కడ తేలే ముఖ్యమైన అంకెల్లో ఒక్కదానికీ బంతితో పని లేదు. ఒకప్పుడు కంబైన్‌లో నేథన్ బక్లీ పేరుతో కిక్కింగ్ పరీక్ష, మాథ్యూ లాయిడ్ పేరుతో చేతుల శుభ్రత పరీక్ష, బ్రాడ్ జాన్సన్ పేరుతో గోల్ కిక్కింగ్ పరీక్ష ఉండేవి. అవి గొప్పగా ఉండేవని కాదు. మీదికి ఎవరూ రాని చోట, నిర్ణయించిన లక్ష్యానికి కొట్టే కిక్‌కీ, మీటరు దూరంలో ఒకడు ముంచుకొస్తుండగా ఎడమ కాలితో కొట్టే కిక్‌కీ పోలిక తక్కువ. అయినా కాలు ఊగే తీరు, బంతిని పాదం మీదికి వదిలే చెయ్యి అక్కడ దగ్గరగా కనిపించేవి. బంతి చేతి నుంచి పాదానికి వెళ్లే దూరం ఎక్కువైనవాడి కిక్ గాలివానలో పాడవుతుంది. మెల్‌బోర్న్ జులైలో అది తెలిసిపోతుంది, అక్టోబరు కంబైన్‌లో తెలియదు.

ఫలితాలు బయటికి వచ్చే తీరు మీద కూడా ఒక ఫిర్యాదుంది. మొత్తం సమాచారం క్లబ్బులకు వెళ్తుంది. మనకు మాత్రం ఒక్కో పరీక్షలో మొదటి పదిమంది పేర్లు వస్తాయి. పదకొండో వాడికీ, ఆఖరి వాడికీ, గాయంతో అసలు పరిగెత్తని వాడికీ అక్కడ తేడా ఉండదు, ముగ్గురి పేర్లూ కనపడవు. సెప్టెంబరు దాకా ఆడి, తొడ కండరం పట్టేసి పరీక్ష మానుకున్న కుర్రాణ్ని నెమ్మదిగా పరిగెత్తేవాడని ముద్ర వేయడం ఏటా చూస్తున్నదే. పేరు లేకపోతే ముందు అతను పరీక్షకు దిగాడో లేదో తేల్చుకోండి. ఆ తర్వాత కూడా, లేని పేరును బట్టి ఏమీ రాయకండి.

పట్టికలో రాయని ఇంకో అంకె పుట్టినరోజు. ఆ ఏడాది డిసెంబరు 31 లోపు 18 నిండేవాళ్లు డ్రాఫ్ట్‌కు అర్హులు. అంటే ఒకే వరుసలో నిలబడిన ఇద్దరి మధ్య దాదాపు పన్నెండు నెలల ఎడం ఉండొచ్చు. 17, 18 ఏళ్లప్పుడు ఏడాది అంటే భుజాల మీద ఐదారు కిలోల కండ, కాళ్లలో ఒక సీజన్ పరుగు. నిక్ డైకోస్ 2003 జనవరి 3న పుట్టాడు. మూడు రోజుల ముందు పుట్టి ఉంటే 2020 డ్రాఫ్ట్‌లో ఉండేవాడు. 2021లో వచ్చాడు, తండ్రి ఆడిన కాలింగ్‌వుడ్‌కు ఫాదర్-సన్ నిబంధన కింద 4వ ఎంపికగా వెళ్లాడు. అతని ఆట గొప్పదనంలో సందేహం లేదు. నేను చెప్పేది పక్కవాడి గురించి. నవంబరులో పుట్టిన కుర్రాడు 3.02 పరుగెత్తి, జనవరి కుర్రాడు 2.98 పరుగెత్తితే, ఆ 0.04ను మర్చిపోండి. పొడవాటివాళ్లలో ఇది ఇంకా ముఖ్యం. ఏడాదిలో 5, 6 సెంటీమీటర్లు పెరిగిన కుర్రాడికి కాళ్లూ చేతులూ ఇంకా స్వాధీనంలోకి రావు. పరుగు అంకె తగ్గుతుంది, రెండేళ్లకు తిరిగి వస్తుంది.

మార్చిలో సీజన్ మొదలుకాకముందు విక్టోరియా కుర్రాళ్లకు కోట్స్ టాలెంట్ లీగ్ పరీక్షలు కూడా జరుగుతాయి. 1992లో మొదలై, చాలా ఏళ్లు టీఏసీ కప్ పేరుతో నడిచిన అండర్-18 లీగే ఇది. బెండిగో పయనీర్స్, ఓక్లీ చార్జర్స్, జీలాంగ్ ఫాల్కన్స్ లాంటి జట్లు, వాటితోపాటు టాస్మేనియా డెవిల్స్ ఇందులో ఆడతాయి. మార్చి అంకెనూ అక్టోబరు అంకెనూ పక్కపక్కన పెట్టగలిగితే కంబైన్ విలువ రెండింతలవుతుంది. మార్చిలో 6:55 పరిగెత్తినవాడు అక్టోబరులో 6:25కి వచ్చాడంటే, మధ్యలో ఎవరూ చూడని ఉదయాల్లో ఏం చేశాడో తెలుస్తుంది. ఒకే ఒక్క తేదీ అంకె కన్నా ఈ కదలికను నేను ఎక్కువ నమ్ముతాను.

ఇక అంకెను ఆటతో ముడివేసే పద్ధతి. ఒక కుర్రాడి మీద మూడు మ్యాచుల వీడియో తీసుకోండి: ఒకటి బాగా ఆడింది, ఒకటి జట్టు చిత్తుగా ఓడింది, ఒకటి జూన్, జులైల్లో జరిగే అండర్-18 జాతీయ చాంపియన్‌షిప్‌ది. విక్ మెట్రో, విక్ కంట్రీ, సౌత్ ఆస్ట్రేలియా, వెస్టర్న్ ఆస్ట్రేలియా, మిగతా ప్రాంతాల కుర్రాళ్లు కలిసి ఆడే అలైస్ జట్లు తలపడే ఆ పోటీలో ఎదురుగా ఉన్నవాడు కూడా డ్రాఫ్ట్‌కు వెళ్లే స్థాయివాడే కాబట్టి, సులువుగా వచ్చిన బంతులు తగ్గిపోతాయి. మొదటి క్వార్టర్‌లో బంతిని చూడటం మానేసి ఆ కుర్రాణ్ని మాత్రమే చూడండి. బంతి అవతలి వైపు ఉన్నప్పుడు ఎక్కడ నిలబడుతున్నాడు, జట్టు బంతి పోగొట్టుకున్న క్షణంలో తిరిగి పరుగు మొదలుపెట్టడానికి ఎన్ని అడుగులు వేస్తున్నాడు. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి ఇది మైదానంలో కూర్చుని చూసినప్పుడే పూర్తిగా దొరుకుతుంది. గోల్ వెనక, కొంచెం ఎత్తులో కూర్చుంటే పక్క నుంచి చూసినదానికన్నా జట్టు అమరిక బాగా తెలుస్తుంది.

మిగతా క్వార్టర్లలో ఒక కాగితం మీద నాలుగైదు సంగతులే గీతలు గీసి లెక్కపెట్టండి. మోకాలి ఎత్తులో వచ్చిన బంతిని మొదటి ప్రయత్నంలోనే పట్టాడా, జారవిడిచాడా. రెండు మీటర్ల లోపు ఎదుటివాడు ఉండగా చేసిన కిక్కుల్లో ఎన్ని తనవాళ్లకు చేరాయి. ఆ కిక్కుల్లో బలహీనమైన కాలితో ఎన్ని. కింద పడ్డాక లేచి రెండోసారి అదే బంతి కోసం ఎన్నిసార్లు వెళ్లాడు. చివరిది, బంతి చేతికి రాకముందు తల తిప్పి వెనక చూసుకున్నాడా. ఈ ఆఖరిది చిన్నగా కనిపిస్తుంది, తర్వాతి రెండు సెకన్లు మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటాయి. డిస్పోజల్స్ (కిక్కులూ హ్యాండ్‌బాల్‌లూ కలిపిన) సంఖ్య మాత్రం రాయకండి, అది ఎలాగూ దొరుకుతుంది, పైగా దారి తప్పిస్తుంది. హాఫ్‌బ్యాక్‌లో ఒంటరిగా నిలబడి అటూ ఇటూ ఇచ్చిపుచ్చుకున్న 30 కన్నా, స్టాపేజ్ అడుగున నలిగి బయటికి తెచ్చిన 14 ఎక్కువ పని.

ఇప్పుడు కంబైన్ పట్టిక తెరవండి. ఆటలో వేగంగా కనిపించిన కుర్రాడు 3.08 పరుగెత్తాడా? అయితే ఆ వేగం కాళ్లలోది కాదు, ముందే చూసి ముందే కదలడం వల్ల వచ్చింది. అది ఏఎఫ్‌ఎల్‌కు కూడా వెంట వస్తుంది, భయపడకండి. దానికి తిరగేసి, 2.88 పరుగెత్తినవాడు ఆటలో ఎప్పుడూ వెనకబడే ఉంటే అసలు ఆలోచించాల్సింది అక్కడ. కాళ్లు ఉన్నాయి, కదలాల్సిన క్షణం తెలియడం లేదు. కొందరికి అది నేర్పితే వస్తుంది, ముఖ్యంగా బాస్కెట్‌బాల్ నుంచో అథ్లెటిక్స్ నుంచో ఆలస్యంగా ఈ ఆటలోకి వచ్చినవాళ్లకు. ఏడేళ్ల వయసు నుంచి ఆడుతూ 18 ఏళ్లకూ రానివాడికి రావడం కష్టం.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్న సామెతను డ్రాఫ్ట్ చరిత్ర పూర్తిగా ఒప్పుకోదు. 2001లో ల్యూక్ హాడ్జ్, ల్యూక్ బాల్, క్రిస్ జడ్ మొదటి మూడు ఎంపికలు. అదే డ్రాఫ్ట్‌లో శామ్ మిచెల్ 36వ ఎంపిక, డేన్ స్వాన్ 58వ ఎంపిక. మిచెల్ వేగానికి పేరున్నవాడు కాదు, రెండు కాళ్లతో ఒకేలా కొట్టగలడు. ఎడమకూ కుడికీ తేడా లేనివాడు ఎటు తిరిగినా తప్పించుకోగలడు, దాన్ని ఏ ఎజిలిటీ గేటూ కొలవదు. 2008లో హాథార్న్‌కు కెప్టెన్‌గా ప్రీమియర్‌షిప్, అంటే లీగ్ టైటిల్, గెలిచాడు. స్వాన్ 2011లో, సీజన్ ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బ్రౌన్లో పతకం అందుకున్నాడు. పదేళ్ల తర్వాత, 2011 డ్రాఫ్ట్‌లో, ఫ్రీమాంటిల్ అదే 58వ స్థానంలో లాకీ నీల్‌ను తీసుకుంది. అతనికి 2020లోనూ 2023లోనూ బ్రౌన్లో వచ్చింది, అప్పటికి బ్రిస్బేన్‌లో ఉన్నాడు. 2014 అండర్-18 చాంపియన్‌షిప్‌లో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే లార్క్ పతకం గెలిచిన కేలెబ్ డేనియల్ ఎత్తు 168 సెంటీమీటర్లు. ఆ పతకం చేతిలో ఉండి కూడా 46వ ఎంపిక దాకా ఆగాడు. రెండేళ్లకు, 2016లో, వెస్టర్న్ బుల్‌డాగ్స్ ప్రీమియర్‌షిప్ జట్టులో ఉన్నాడు. అతని కిక్కింగ్ చాంపియన్‌షిప్ మ్యాచుల్లో అందరి కళ్ల ముందే ఉంది. ఎత్తు కొలిచే కర్ర దాన్ని కప్పేసింది.

మ్యాచ్ లెక్కలను కూడా గుడ్డిగా నమ్మకూడదు. మెల్‌బోర్న్‌లోని పెద్ద ప్రైవేటు స్కూళ్లలో చదివే కుర్రాళ్లు స్కూలు సీజన్ జరిగినన్ని వారాలు స్కూలు జట్టుకే ఆడతారు. అప్పుడు ఓక్లీ చార్జర్స్, శాండ్రింగ్‌హామ్ డ్రాగన్స్ లాంటి జట్లలో సగం మంది ఉండరు. మధ్య సీజన్‌లో ఆ జట్టు మీద 35 డిస్పోజల్స్ చేసిన కుర్రాడు ఎవరి మీద చేశాడో జట్టు జాబితా తెరిచి చూసుకోవాలి. అదే కుర్రాడు సెప్టెంబరులో పూర్తి జట్టు ఎదుట ఏం చేశాడన్నది అసలు కొలత. సౌత్ ఆస్ట్రేలియాలో, వెస్టర్న్ ఆస్ట్రేలియాలో మంచి కుర్రాళ్లు కొన్నిసార్లు కోల్ట్స్ అనే కుర్రాళ్ల జట్టు వదిలి పెద్దవాళ్ల సీనియర్ జట్టులో ఆడతారు. అక్కడ 90 కిలోల మనిషి భుజం తగిలినా బంతి వదలకుండా తెచ్చిన 9 డిస్పోజల్స్‌ను తక్కువగా చూడకండి.

కంబైన్ ఇచ్చే వాటిలో అన్నిటికన్నా విలువైనవి రెండు, అవి బయటివాళ్లకు దొరకవు. ఒకటి ముఖాముఖి. క్లబ్బులు కుర్రాణ్ని కూర్చోబెట్టి అతని సొంత ఆట వీడియోలో తప్పు చూపించి, అక్కడ ఏం ఆలోచించావని అడుగుతాయి. తప్పు తనదని ఒప్పుకుని కారణం చెప్పగలవాడు, ఎవరి మీదికో నెట్టేవాడు ఐదు నిమిషాల్లో వేరుపడతారు. రెండోది వైద్య పరీక్ష. వెన్నెముకలో ఒత్తిడి వల్ల వచ్చే పగుళ్లు, గజ్జల నొప్పులు, మళ్లీ మళ్లీ జారే భుజం, ఆపరేషన్ అయిన మోకాలి పరిస్థితి, ఇవన్నీ అక్కడ బయటపడతాయి. వేగంగా పెరిగిన పొడవాటి కుర్రాళ్లలో వెన్ను సమస్య మరీ ఎక్కువ. డ్రాఫ్ట్ రాత్రి, అందరూ 8వ స్థానంలో వెళ్తాడనుకున్న కుర్రాడు 25 దాకా పేరు వినపడకుండా కూర్చుంటే, చూసేవాళ్లు వెంటనే 20 మీటర్ల అంకె వెతుకుతారు. అక్కడ కారణం కనపడకపోతే, అది చాలావరకు డాక్టర్ల గదిలోనో ముఖాముఖి గదిలోనో ఉంటుంది. అలాంటి కుర్రాడి పేరు మీ జాబితాలోంచి కొట్టేయకండి. పక్కన ఒక చుక్క పెట్టి, మరుసటి ఏడాది జూన్ దాకా ఎన్ని మ్యాచులు వరుసగా ఆడగలిగాడో రాసుకోండి.